మూడడుగులు

రికార్డు లేబుల్ మీద పాట పేరుంటుంది,
పాడినవాళ్ల పేరుంటుంది.
రాసిందెవరు అన్న చోట మాత్రం
"పాతకాలపు పాట" అని ఉంటుంది.
ఆ పాతకాలం ఎవరో నాకు తెలుసు.
లువీనియా. మా అమ్మమ్మ.

హెలీనాలో, మిసిసిపీ కరకట్టకి ఇవతల,
ఊళ్లో తెల్లవాళ్ల చొక్కాలన్నీ వచ్చిపడే లాండ్రీలో
పన్నెండేళ్లు ఇస్త్రీ చేసింది.
పొయ్యి మీద ఎప్పుడూ ఒక పెట్టె కాగుతుండేది,
చేతిలోది చల్లారేసరికి.
బల్ల నుంచి పొయ్యికి మూడడుగులు.
గంజినీళ్లతో నేలంతా తడి,
అందుకని జోళ్లు గుమ్మంలో విడిచేది.

పాటా అక్కడే పుట్టింది.
"నా జోళ్లు గుమ్మంలోనే ఉన్నాయి ప్రభువా,
పిలువు..."
అని ఆగేది.
పెట్టె మార్చుకోవాలి కదా.
మూడడుగులు వేసి, పాతది దించి, కొత్తది అందుకుని,
తడివేలు తాకించి, చుయ్యిమంటే
అప్పుడు, "వచ్చేస్తా."

లాండ్రీ వెనక సందులో గిటారు వాయించే
ఇజికియల్ ప్రూయిట్‌కి చూపు లేదు.
కిటికీలోంచి విన్నది విన్నట్టు పట్టాడు.
"పిలువు" అన్నాక అతని తీగ మీద సీసామెడ
మెల్లగా కిందికి జారుతుంది,
చీకట్లో నేల కోసం వెతికే పాదంలా.

మెంఫిస్‌లో ఒకే రంగు కోట్లు తొడిగిన నలుగురు
అతని దగ్గర నేర్చుకున్నారు.
ఆ చోట బొంగురు గొంతాయన
దుమ్, దుమ్, దుమ్ అంటాడు.
ఎవరి అడుగులు లెక్కపెడుతున్నాడో
ఆయనకి తెలీదు.

తర్వాత టెనెసీ కుర్రాడొకడు
ఆ ఖాళీ ఎందుకని తీసేశాడు.
పాట నున్నగా వచ్చింది, బాగా అమ్ముడుపోయింది.
అందులో మా అమ్మమ్మ
చల్లారిన పెట్టెతోనే రుద్దుతూ ఉంటుంది.
ఎంతకీ ముడత పోదు.

షికాగో రికార్డు మాత్రం రేడియోలో వచ్చింది,
ఒక ఆదివారం, నేను బఠానీలు ఒలుస్తుండగా.
సిస్టర్ ఆల్మెడా, వెనక ఆర్గన్, అరవై గొంతుల కోయిర్.
"పిలువు" అనగానే అందరూ ఒక్కసారి ఊపిరి బిగబట్టారు.
జనంలోంచి ఎవరో అరిచారు,
"తొందరేం లేదమ్మా!"

వాచిన మోకాళ్లతో అమ్మమ్మ
కుర్చీలోంచి లేచింది.
పొయ్యి వైపు తిరిగింది.
అక్కడ కాఫీ గిన్నె తప్ప ఏమీ లేదు.

కాసేపు దాన్నే చూసి కూర్చుంది.
ఇది నాది అనలేదు.
ఎంతమంది పాడుతున్నారే అనడిగింది.
అరవై మందంట, అన్నాను.

"అంతమంది ఉండి," అంది
ఒళ్లో బఠానీ తొక్కలు దులుపుకుంటూ,
"ఒక్కరు ఆ పెట్టె అందిస్తే
ఆగే పనే ఉండకపోను."