కొందరు

ప్రశ్న పద్నాలుగు.
ముప్ఫై సెంటీమీటర్ల మందం లేని మంచు మీదికి ఏ ట్రక్కూ వెళ్ళదు.
ఈ ఉదయం సరస్సు మంచు మీద ఒక ట్రక్కు ఉంది.
పై మాటలు నిజమైతే, తప్పక నిజమయ్యేది ఏది?

ఐలా కోర్పేలా పెన్సిల్ కింద పెట్టి అంది:
"వాడికి ఇంట్లో పడటం లేదు."

ఐదు జవాబుల్లో అది లేదు.
లేదని చెప్పాను.
"ఉండాల్సింది," అంది.

ఇరవై రెండేళ్ళుగా థండర్ బే రేవులో,
ధాన్యపు ఎలివేటర్లో, గోధుమలు తూచే మనిషి.
పిడికెడు గింజలు గుప్పిట్లో నలిపి
కోతకి ముందు తడిశాయా, తర్వాత తడిశాయా చెప్పేస్తుంది.
నలభై ఆరో ఏట లా కాలేజీ ప్రవేశ పరీక్ష.
మంగళవారం రాత్రులు, లైబ్రరీ మేడ మీద,
రేడియేటర్ టకటకల మధ్య,
తెలిసినదాన్ని పక్కన పెట్టడం
ఆమెకు నేర్పడం నా పని.

చెప్పనిది చదవకు.
చాలామంది అంటే సగం కన్నా ఎక్కువ, అంతే.
వాన పడితే నేల తడుస్తుంది, సరే.
నేల తడిసింది కదా అని వాన పడిందనకు,
ఎవరో బకెట్ ఒలకబోసి ఉండొచ్చు.
నేల పొడిగా ఉందా, వాన పడలేదు.
అక్కడ ఆగు. ఇంకొక్క అడుగు వద్దు.
ఎద్దు ఈనిందంటే దూడను కట్టెయ్యమనే లోకంలో
ఒక్క మనిషినైనా
ఎద్దు దగ్గర ఆపితే చాలనుకునేవాణ్ణి.

"ఇక ఈ కొందరు అనేది," అన్నాను,
"అన్నిట్లోకీ జిత్తులమారి మాట.
కొందరు వచ్చారంటే
కొందరు రాలేదని కాదు.
అందరూ వచ్చినా కొందరు వచ్చినట్టే."
చాలాసేపు నా మొహం చూసింది.
"మా వంటింట్లో ఇలా మాట్లాడి ఉంటే
మా అమ్మ గరిటె విసిరేది."

డిసెంబర్లో తొమ్మిది తప్పులు.
జనవరిలో నాలుగు.
ఫిబ్రవరి మొదటి వారం, ఒకటే;
దానికీ అరగంట వాదించింది.

మూడో వారం
ఎలివేటర్ కాఫీ మిషన్ పక్కన కాగితం అంటించారు:
మార్చి తర్వాత సిబ్బందిలో కొందరిని కొనసాగిస్తాం.
పదకొండు మంది చదివారు,
పదకొండు మందీ ఒకటే విన్నారు.
గోర్డన్ సవిచ్ లాకర్ తలుపు తన్నాడు.
ఇంకొకడు అక్కణ్ణుంచే పెళ్ళానికి ఫోన్ చేసి
సోఫా ఆర్డర్ ఆపెయ్యమన్నాడు.
ఐలా తన కప్పు కడుక్కుంటూ అందట:
"ఎవర్నీ తీసేస్తామని ఇందులో లేదు.
అందర్నీ ఉంచినా ఈ వాక్యం నిజమే."

కుళాయి చప్పుడు ఒక్కటే మిగిలింది.
"ఎప్పట్నుంచి కంపెనీ మనిషివయ్యావు?" అడిగాడు సవిచ్.
పన్నెండేళ్ళు పక్క కాటా మీద పనిచేసినవాడు.

నాకు చెబుతూ నవ్వింది.
నవ్వు సగంలో ఆపి,
"సరైన జవాబేగా?" అంది.

సరైన జవాబే.
ఆకుపచ్చ పెన్ను చేతిలోనే ఉంది,
మూత తియ్యబుద్ధి కాలేదు.

బయట మైనస్ ఇరవై ఎనిమిది.
అలలకట్టకి అవతల గడ్డకట్టని నీళ్ళు
తెల్లగా పొగలు కక్కుతున్నాయి.
పొగ ఉంటే నిప్పు ఉంటుందని
కొండను చూపించి చెప్పే పాత పాఠం ఒకటుంది.
ఈ సరస్సుకి ఆ పాఠం ఎవరూ చెప్పినట్టు లేదు.

కట్టకి ఇవతల, మంచు మీద,
ఒక ట్రక్కు మెల్లగా పోతోంది,
చేపల గుడిసెల వైపు.
కారు అద్దం మీద మంచు గీకుతూ ఆమె ఆగింది.
పరీక్ష పెడదామనిపించింది.
"చెప్పు. ఏం తేలింది?"

ముప్ఫై పైనే, అంటుందనుకున్నాను.

"లోపలి లైటు వెలుగుతోంది," అంది.
"తలుపు తెరిచిపెట్టి నడుపుతున్నాడు.
పగిలితే దూకడానికి."

మళ్ళీ గీకడం మొదలుపెట్టింది.