మండని నూనె

ముప్పై ఏడు డిగ్రీలు, పది నిమిషాలు.
అంతకు మించి వద్దంటుంది సనూబర్,
గోడమీది ఇసుక గడియారాన్ని తలకిందులు చేస్తూ.
గుండె తట్టుకోదట.
నవ్వొచ్చింది నాకు.
మూడువందల యాభై డిగ్రీల గోపురం పక్కన
ముప్పై ఒక్క ఏళ్ళు కొట్టుకున్న గుండె ఇది.

తొట్టి నిండా ముడి చమురు.
నఫ్తలాన్‌కి దీనికోసమే వస్తారు జనం, మునగడానికి.
నల్లన అంటారుగానీ నలుపు కాదు;
అంచున పల్చబడ్డచోట చూడండి,
ముదురు పాకం రంగు, దానిమీద ఒక ఆకుపచ్చ మెరుపు.
మెడదాకా దిగాను.
నీళ్ళలా చటుక్కున తప్పుకోదిది,
కాస్త ఆలోచించి
చోటిస్తుంది.

బాకూ ప్రయోగశాలకి ఇది సీసాల్లో వచ్చేది.
సీసా మెడకి చీటీ, చీటీమీద బావి సంఖ్య.
ముందు సాంద్రత.
తర్వాత జిగట: సన్నటి గాజు గొట్టంలోంచి
ఎన్ని సెకన్లకి జారుతుందో లెక్కపెట్టడం.
గంధకమెంత, ఉప్పెంత, మైనమెంత,
ఏ చలికి గడ్డకడుతుంది,
ఏ వేడికి దాని ఆవిరి నిప్పందుకుంటుంది.
చేతులెంత తోమినా రొట్టెకి ఆ వాసనే.
"మనిషినని చేసుకున్నాను, బావి తగిలింది"
అనేది గుల్బెనిజ్, దుప్పటి తన వైపు లాక్కుంటూ.

ఏం చేసేవాళ్ళు మామా అంత నూనెతో? అడిగింది సనూబర్.
కాచేవాళ్ళం.
కాగితేగానీ కడుపులోది చెప్పదది.
ముందు గాలులు లేస్తాయి, మీ పొయ్యిలో నీలిమంట అవే.
వెనకే పెట్రోలు, తొందర మనిషి,
మూత తీసుంచితే చెప్పకుండా వెళ్ళిపోతుంది.
నాఫ్తా. నీ చేతిలో ఆ ప్లాస్టిక్ గరిటకి తాత.
ఆ తర్వాత కిరసనాయిలు;
మా అమ్మ లాంతరు తాగిందీ అదే,
పొద్దున మన నెత్తిమీంచి పోయిన విమానం తాగిందీ అదే.
డీజిలు. కందెన. కొవ్వొత్తుల మైనం.
అడుక్కి దిగిన మడ్డే తారు,
గంజా నుంచి నువ్వు బస్సులో వచ్చిన దారి.

మరి పారేసేది?
పెద్దగా ఏం లేదమ్మా.
వాసన. ఆపైన మేము.

చెప్పనిదొకటి ఉంది.
డెబ్బై నాలుగో, డెబ్బై ఐదో,
ఈ ఊరి సీసా నా బల్లమీదికి వచ్చింది.
కాచాను.
నూటయాభై దాటింది, చుక్క లేదు.
రెండువందలు దాటాకగానీ
గొట్టం చివర చెమట పట్టలేదు.
పెట్రోలు లేదు. కిరసనాయిలు లేనట్టే.
ఒళ్ళంతా బరువు, మంటంటే బద్ధకం.
"పనికిరాదు" అని రాశాను.
కింద సంతకం, పొల్లు పోకుండా: మీర్జాబాలా.
సిరా ఆరకముందే భోజనానికి లేచాను.

ఇప్పుడది నా రెండు మోకాళ్ళనీ
పట్టుకు కూర్చుంది.
నా కీళ్ళమీద చీటీ ఏమీ అంటించలేదు.

ఇసుక అయిపోయింది. లేవండి మామా.
బూటు తొడుక్కునే గరిటతో
భుజాలనుంచి కిందికి గీకుతుంది సనూబర్,
మాడిన బాణలి గీకినట్టు, జాలి లేకుండా.
తర్వాత కాగితాలు, వేడినీళ్ళు, మళ్ళీ వేడినీళ్ళు.
చెవి మడతల్లో రెండ్రోజులుంటుందట,
తలగడకి ఎలాగూ తెలుస్తుంది.

నడవాలో ఒక గోడ,
నయమైనవాళ్ళు వదిలేసిన ఊతకర్రలన్నీ దానికే.
ఒకటి పిల్లాడిది, ఎర్ర రంగు వేసి ఉంది.
నాది ఇంకా నా చంకలోనే ఉంది.
తొమ్మిది స్నానాలు మిగిలాయి.

గోరుసందులో కొంచెం ఉండిపోయింది.
పాత అలవాటు,
ముక్కు దగ్గర పెట్టుకున్నాను.
గంధకం తక్కువే.
ఆ ఒక్క మాటా
అప్పుడు కూడా సరిగానే రాసినట్టు గుర్తు.