మూడో గుహ

డండీలో, హిల్‌టౌన్ ఎగుడు వీధిలో
పాత గేమ్ మెషీన్లు బాగుచేసే కొట్టు మీది గది.
గురువారం, రాత్రి ఏడున్నర.
టే నది మీంచి లేచిన పొగమంచు
కిటికీ అద్దానికి చెంప ఆనించింది.

ఇన్నెస్ రెండు స్పీకర్లు పెట్టాడు,
ఒకదాని మూతికి ప్లాస్టర్.
కెటిల్ మూలుగు ఆగేదాకా ఆగి
మూడో గుహ పాట వేశాడు.
ముందు పాతది:
మూడంటే మూడే గొంతులు,
రెండు కీచుమంటాయి, ఒకటి ఇసక చెరిగినట్టు.
తర్వాత కొత్తది:
అరవై మంది వాద్యగాళ్ళు, ఆడవాళ్ళ కోరస్,
వెనకాల ఎక్కడో ఒక గంట.

గోరంత పాటని కొండంత చేశారు,
అంది గ్రీర్, మెచ్చుకుంటూనే.
బళ్ళో పిల్లలకి చెల్లో నేర్పుతుంది తను.
ఆ కీచుల్లో ఇంత పాట దాక్కుందని
ఇన్నేళ్ళూ ఎవరికి తెలుసు?

దాక్కోలేదు, అన్నాడు టోర్మోడ్.
బస్సు తోలి నేరుగా వచ్చాడు, యూనిఫారం విప్పలేదు.
ఉన్నది అంతే. అంతే చాలు.
మూడు గిన్నెల్తో ఇల్లు నడిపినవాడికి
అరవై మంది పనివాళ్ళనిస్తే
వంట మర్చిపోతాడు.

నవ్వుకున్నాం. ఆ తర్వాత పోట్లాడుకున్నాం.

రూరీకి పందొమ్మిది.
ఆ గేమ్ అతనికన్నా ఇరవై ఏళ్ళు పెద్దది.
రెండూ కాదు, ఇది వినండి, అని
తను చేసింది ఫోన్లో పెట్టాడు.
డ్రమ్ములు, డ్రమ్ముల కింద డ్రమ్ములు,
అట్టడుగున గుహ, ఊపిరాడక.
ఎలా ఉంది? అనడిగి
ఎవరి మొహమూ చూడకుండా
బిస్కెట్ టీలో ముంచి, మునిగిపోనిచ్చాడు.

సంగతి, అనుకున్నాను.
ఒకే పల్లవిని ప్రతిసారీ కాస్త మార్చి పాడితే సంగతి.
చాన్నాళ్ళకి కనబడ్డవాణ్ణి
ఏంటి సంగతి అనడిగినా అదే మాట.
ఇంగ్లీషులో చెప్పబోయి సగంలో వదిలేశాను.
కెటిల్ మళ్ళీ అందుకుంది.

నువ్వేమంటావు హైమా?

నేను మూడో గుహ ఎప్పుడూ దాటలేదు, అన్నాను.

ఆ రాత్రి మొదటిసారి
అందరూ ఒకే శ్రుతిలో నోరు మూశారు.

గెలిచినవాళ్ళకి ఆ పాట నలభై సెకన్లు.
నాకు ఒక చలికాలం.
నైన్‌వెల్స్ ఆస్పత్రిలో నైట్ డ్యూటీల మొదటి ఏడు,
అద్దెగదిలో ఎవరో వదిలిపోయిన మెషీన్.
తెల్లారి వచ్చేదాన్ని, నిద్ర పట్టేది కాదు.
గబ్బిలం. దూకేదాన్ని. పడేదాన్ని.
దూకేదాన్ని.
పక్కగది వాళ్ళు గోడ కొట్టేవాళ్ళు,
చిత్రం, వాళ్ళు కొట్టేదీ అదే తాళంలో.

పాట అయిపోయి మళ్ళీ మొదలయ్యే చోట
చిన్న తొట్రుపాటు ఉంటుంది.
ఇంకో మెట్టుందనుకుని చీకట్లో కాలేస్తే
నేల ముందే తగులుతుందే, అంత.
దూకాల్సింది సరిగ్గా అక్కడ.
తెలిసీ పడ్డాను, అది వేరే విషయం.

అరవై మందీ కలిసి
ఆ తొట్రుపాటుని ఇస్త్రీ చేసేశారు.
అదొక్కటే నా ఫిర్యాదు.
మిగతాదంతా బావుంది. ఆ గంట కూడా.

ఇన్నెస్ ఏమీ అనలేదు,
పాతది మళ్ళీ వేశాడు.
ఆ చోటు కోసం కాచుకున్నాం.
వచ్చింది.
టోర్మోడ్ కుడికాలు దానంతటదే
లేని బ్రేకుని తొక్కింది.
ఇంకోసారి, అన్నాడు రూరీ, ఫోను బోర్లించి.

అది పొరపాటు కదా, అంది గ్రీర్,
మెమరీ చాలక జరిగిన అతుకు.
అవును, అన్నాను.
కాసేపాగి తనే,
వచ్చేవారం చెల్లో తెస్తాను,
విల్లుకి ఆ తొట్రు దొరుకుతుందేమో చూద్దాం.

దొరకదులే, అన్నాడు టోర్మోడ్
కోటు తొడుక్కుంటూ.
గుండీలన్నీ పెట్టుకుని
మళ్ళీ కూర్చున్నాడు.