రెండో గేరు

ఖయ్యూం ట్రే పట్టాడు. నల్లటి నూనె జారింది.
ఎండలోకి వంచి చూపించాడు.
అడుగున సన్నటి పసుపు మెరుపు.
"బంగారం కాదు మేడమ్, ఇత్తడి. రింగులు అరిగినయ్."

గుల్జార్ హౌజ్ వెనక గల్లీల్లో
కంసాలి దుకాణాల ముందు మోరీ మట్టిని
తెల్లారకముందే జల్లెడ పట్టేవాళ్ళను చూశాను.
ఈ నూనెను అట్లా పడితే
ఎవరెవరు దొరుకుతారో నాకు తెలుసు.

కుషాయిగూడ అనసూయమ్మ, యాభై ఎనిమిదేళ్ళు.
క్లచ్చు నొక్కకుండా గేరు లాగి
"తప్పైంది తల్లీ" అనేది, నాతో కాదు, బండితో.
నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చే నర్సు మెర్సీ సులోచన,
సెకండ్ అంటే ఫోర్త్‌లోకే పోయే ఆమె చెయ్యి.
రఫత్. పదకొండేళ్ళుగా మొగుడు
ఆ వైపు తలుపు ముట్టనివ్వలేదని మొదటిరోజే చెప్పింది.
రెండోరోజు డివైడర్ ఎక్కించింది.
నాగోలు ట్రాకులో ఎనిమిది అంకె తిప్పి
లైసెన్సుతో పాటు
ఒక్కొక్కరూ రవ్వంత ఇత్తడి పట్టుకుపోయారు.

నా వైపు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉన్నాయి.
స్టీరింగు మాత్రం వాళ్ళదే.
పదిహేడేళ్ళయింది, ఇదేం బేరమో నాకింకా అర్థం కాలేదు.

అట్టముక్క మీద లెక్క రాశాడు ఖయ్యూం:
రింగులు, సెకండ్ గేరు చక్రం, బేరింగులు,
"ఎట్లాగూ విప్పుతున్నం గదా, క్లచ్ ప్లేటు గూడ."
ఎట్లాగూ అన్న మాటకే నాలుగు వేలు.
మొత్తం ఇరవై రెండు.
వేరే బండిలోంచి పీకిన డబ్బా అయితే తొమ్మిది,
ఎన్నాళ్ళొస్తుందో అల్లాకే ఎరుక.
తుక్కు సేటు ఫోన్లోనే చెప్పాడు, చూడకుండానే, ముప్ఫై.
ఉంచుకుంటే ఇరవై రెండు పోతాయి, వదులుకుంటే ముప్ఫై వస్తాయి.
నడుమ యాభై రెండు వేల గొయ్యి.
దాని అంచున ఒక మారుతి, నేను.

ఇప్పటి పిల్లలు ముందే అడుగుతున్నారు:
ఆంటీ, ఆటోమేటిక్ లేదా?
ఎడమ కాలికి పనెందుకు?
వాళ్ళ తప్పేం లేదు.
కానీ ఫస్టు కదలడానికి,
ఫోర్త్ అవుటర్ రింగు రోడ్డుకి,
ఈ ఊళ్ళో బతుకంతా సెకండ్‌లోనే.
సీతాఫల్‌మండి ఎత్తు, వానలో మలక్‌పేట రైలు బ్రిడ్జి,
బోనాల ఊరేగింపు వెనక, బడి వదిలిన గల్లీలో
ఆగకుండా, ఉరకకుండా.

నిన్న తార్నాక ఎక్కుడులో
అది చేతిలోంచి ఎగిరి న్యూట్రల్‌లో పడింది.
వెనక సిటీబస్సు హారన్.
నీలవేణికి మూడో క్లాసు. "నేనేం చేశాను మేడమ్?"
నువ్వు కాదమ్మా, బండి, అన్నాను.
నమ్మలేదు.
ఏది పాడైనా ముందు
తన చేతినే చూసుకునే మనిషి.

"నీదైతే ఏం చేస్తవ్ ఖయ్యూం భాయ్?"
"నాదైతే అమ్మేస్త."
కిరోసిన్ గుడ్డతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకున్నాడు.
"మీదైతే చేస్త."

బ్యాగులో మూడు అడ్వాన్సులున్నాయి.
ఒకటి నీలవేణిది, అన్నీ వంద నోట్లే,
మడతల్లో ఇంకా పోపుల డబ్బా వాసన.
ఇక్కడ నిలబడి ఆలోచిస్తున్నాననుకున్నాను.
లేదు. అవి తీసుకున్న రోజే అయిపోయింది ఆలోచన.

రింగులు వేయి. సెకండ్ వేయి.
బేరింగుల జోలికి పోకు.
"అరుస్తది మేడమ్. ఆర్నెల్లల్ల మళ్ళ విప్పాలె."
అరవనీ. అప్పటికి చూద్దాం.

ఇంటికి ఆటోలో బయల్దేరాను.
చేతులు రెండూ ఖాళీగా ఒళ్ళో.
లాలాగూడ మలుపులో
అతను గేరు మార్చకముందే
నా ఎడమ కాలు
గాలిని తొక్కింది.