గుర్తింపు మచ్చలు

నెక్కొండ పక్కన మా హైస్కూలుల
ఏప్రిల్ ఇరవై మూడు, ఆఖరి పనిదినం.
పొద్దున ప్రార్థన కాడ చదివిన వార్తలు ఇవి:
తొమ్మిదో తరగతి ప్రోగ్రెస్ కార్డుల మీద
తండ్రుల సంతకాలు పిల్లలే పెట్టుకున్నట్టు తేలింది.
బోరు మోటరు మళ్ళ కాలింది.
ఖో-ఖోల మండలం కప్పు మనదే,
కప్పు మాత్రం ఇంకా చేతికి రాలె.
హిందీ పండిట్ అజ్మతున్నీసా మేడం
ఈ నెలాఖరుకు రిటైర్.

చదివిన ఏడో తరగతి పిల్ల
ఆ మాట కాడ ఆగి
మేడం దిక్కు చూసింది,
సరిగ్గ పలికిన్నా అన్నట్టు.

నేను ఆఫీసు రూముల
టీసీ బుక్కు ముందటేసుకొని కూసున్న.
ఫలితాలు రాకముందే రాసి పెట్టుమన్నడు హెడ్మాస్టరు.
పదో తరగతోళ్ళు ముప్పై ఏడుగురు
కిటికీ అవుతల లైను.
"రా బిడ్డా, మచ్చలు చూపియ్యి."
అయిదేండ్ల కింద అడిగిన మాటే.
అప్పుడు ముక్కు కారుకుంట, గుండీల్లేని అంగీలతోని
నా బల్లెత్తు కూడ లేకుండె వీళ్ళు.

గుగులోతు సింధూజ, ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.
పోరిక తిరుపతికి మెడ ఎనుక,
కాలరు జరిపితెనే కనపడేది.
యాకూబ్ పాషకు ఒంటి మీద ఏడ లేదు.
ఎతికి ఎతికి మోకాలు చూపించిండు:
ఎనిమిదిల ఉన్నప్పుడు కబడ్డీ కోర్టు గీకిన గాయం,
చింతగింజంత, నున్నగ మెరుస్తాంది.
"ఇది రాయొచ్చా సార్?"
రాసిన.
తల్లి కడుపుల నుంచి రానిది,
మా గ్రౌండు ఇచ్చింది,
సర్కారు కాగితం ఎక్కింది.

పగటీలి మీటింగు.
గోడ అవుతల సమ్మిరెడ్డి కల్లంల
తాలుకాయ ఏరుతున్నరు,
గాలి మా దిక్కే.
హెడ్మాస్టరు లేచి "మేడం గారు" అన్నడు,
తుమ్మిండు.
మళ్ళ "మేడం గారు" అన్నడు.
శాలువ పట్టుకున్న వంట రాజవ్వ
కండ్లు తుడుసుకుంటాంది.
మేడం కండ్లద్దాలు తీసింది,
అద్దాలనే తుడిచింది, కండ్లను కాదు.
ఇరవై రెండేండ్లు హిందీ చెప్పిన మనిషి
తెలుగుల రెండే ముక్కలు మాట్లాడింది:
"కాపీలు దిద్దుడు అయిపోయింది.
ఇంక మీ తప్పులు మీరే చూసుకోవాలె."
ఎవరు ఏడ్సిర్రో, ఎవరికి మిర్చి ఘాటు తగిలిందో
నాకు తెల్వది.
అందరి ముక్కులు ఎర్రగనే ఉండె.

టీసీల ఒక గడి ఉంటది,
బడి విడుచుటకు కారణం.
అందరికి ఒక్కటే, "చదువు పూర్తయినందున".
పోయిన డిసెంబర్ల బైరి రాకేశ్ వచ్చినప్పుడు మాత్రం
"తండ్రి కోరిక మేరకు" అని రాసిన.
తండ్రి చచ్చిపోయి అప్పటికి రెండు నెలలు.
గడిల అంతకంటె జాగ లేకుండె.

గేటు దాంక పోయిన సింధూజ
ఉరికొచ్చింది.
"సార్, నా మచ్చ కుడి చెంపకు. మీరు ఎడమ రాసిర్రు."
చూసిన.
నిజమే. నాకు ఎడమ, పిల్లకు కుడి.
పందొమ్మిదేండ్ల సంది
ఎదురుంగ నిలబడ్డోళ్ళను చూసి రాస్తున్న,
వాళ్ళ దిక్కు నుంచి ఎన్నడన్న చూసిన్నా?
ఎంతమంది తప్పు చెంపలతోని
పాలిటెక్నిక్కులకు, పోలీసు సెలక్షన్లకు పోయిర్రో.
ఒక్కరన్న వాపసు వచ్చి అడగలె.

తెల్లరంగు పూసి దిద్దుడు రూల్ ఒప్పుకోదు.
ఒక్క గీత, పక్కన పొట్టి సంతకం.
పిల్ల చెంప మీద ఏలు పెట్టుకొనే నిలబడ్డది,
మళ్ళ తప్పు రాస్తనేమోనని.

రైలు పట్టా ముక్క మీద
ఆఖరి గంట కొట్టిండు నర్సింగం.
సైకిళ్ళన్ని ఒక్కసారే కదిలినయి.
గేటు కాడ సమ్మిరెడ్డి జీతగాడు:
"ఎల్లుండి సంది మీ గ్రౌండుల
కాయ ఆరబోసుకోవచ్చా సారూ?"
"హెడ్మాస్టర్ను అడుగు" అన్న.

ఇంక ముప్పై ఆరుగురు ఉన్నరు బుక్కుల.
కుర్చీల నుంచి లేచి,
తలుపు దిక్కు మొఖం పెట్టి నిలబడి,
నా కుడి చెయ్యి ఏదో
ఒకసారి చూసుకున్న.