అచ్చు తప్పు

వంపు దారి, చిన్న సొరంగం, పైన్ చెట్లు దాటి వచ్చి
గుమ్మంలో బూట్లు విప్పితేనే
ఈ మేడ మనిషిని లోపలికి రానిస్తుంది.
ఒకప్పుడు ఏదో ప్రభువుల వేసవి విడిది.
ఇప్పుడు కాగితాలు కాపురముంటున్నాయి.

రెండో గదికి కాపలా నేను.
కాగితం కందిపోకుండా దీపాలు తగ్గించి ఉంచుతాం.
పెన్ను తీసినవాళ్ల చేతికి పెన్సిల్ ఇస్తాను.

గులాబీలు విరిసే వారం ఫుసాయే గారు వస్తారు.
తోటవైపు చూడరు.
తిన్నగా మూడో అద్దాల పెట్టె దగ్గరికి.
అందులో ఒక నవల రాతప్రతి, చివరి పేజీ,
కోడి కెలికినట్టుండే దస్తూరి.
మా లిపిలో వానకు ఒక్క అక్షరం చాలు.
దాని మీద అడ్డంగా, సన్నగా, సిరా గీత.

పక్కన మా చీటీ:
'కొట్టేసిన వానను రచయితే
ప్రూఫుల్లో తిరిగి నిలుపుకున్నారు.'

ఈ ఏడు ఆమె నా చెవి దగ్గరికి వంగారు.
"నాకప్పుడు పంతొమ్మిదేళ్లు. ప్రెస్సులో రాత్రి షిఫ్టు.
ఆ గీత కనపడలేదు.
సీసపు అక్షరం ఏరి పేర్చేశాను.
తెల్లారాక తెలిసింది. నోరు విప్పలేదు.
ఆయనా అడగలేదు."

చీటీ మార్పించమంటారా, అన్నాను.
వేళ్లు చూసుకున్నారు,
ఇంకా నలుపు మిగిలిందేమో అన్నట్టు.
"ఉండనీ అమ్మాయ్.
ఇన్నేళ్లూ తడిశారు కదా జనం."

కిటికీలోంచి చూశాను.
కిందికి దిగి, మొట్టమొదటిసారి,
ఒక గులాబీ ముందు ఆగారు.
పువ్వును కాదు,
దాని పేరు రాసిన రేకును చదువుతున్నారు,
అక్షరం అక్షరం
వేలితో తడుముతూ.