కడాన వచ్చే మూట

ఆదోని యార్డులో మా వన్నూరప్ప మామ
మూట కాటా ఎక్కకముందే తూకం చెప్తాడు.
కళ్ళతో కాదు, చెవితో.
నేలకు దించినప్పటి చప్పుడు విని
"నలభై రెండు. అడుగున తేమ ఉండాది" అంటాడు.
సేట్లు నవ్వుతారు.
ముల్లు ఆగినాక నవ్వరు.

నాదీ తూకం పనే, కర్నూలులో,
బి క్యాంపు పక్కన, కిటికీ సందుల్లో తడిగుడ్డలు కుక్కిన గదిలో.
ఎండాకాలం హంద్రీ ఇసుక యాడికైనా దూరుతుంది.
నా కాటాకు దుమ్మే కాదు, గాలి కూడా పడదు.

పళ్ళెం లేదు, ముల్లు లేదు.
గాలి తోడేసిన పొడుగాటి గొట్టం ఒకటి.
ఈ కొసన లేజరు లేపుతుంది, కరెంటు అందరినీ ఒకే తోపు తోస్తుంది.
తేలికవి ఉరుకుతాయి. బరువైనవి నిదానంగా వస్తాయి.
ఎంతసేపటికి వచ్చిందో చూసి
ఎంత బరువో కట్టడం. అంతే కొలువు.

చిక్కంతా ఆ కొసన.
పాత పలకకు వేగం ఒక్కటే తెలుసు.
ఉరికొచ్చి గుద్దితే ఉలిక్కిపడి ఎలక్ట్రాన్లు చిమ్ముతుంది.
వేల అణువుల సంసారం నెత్తినేసుకుని
పెద్ద ప్రోటీన్ వచ్చి తగిలితే
తగిలినట్టే ఉండదు దానికి.
తెర మీద గీత చదునుగా పోతుంది, ఎవరూ రానట్టు.
మూడేండ్లు ఆ గీతనే చూసి
నోటుబుక్కులో "లేదు" అని రాసినా.
ఒకరోజు అది కొట్టేసి
"వినపడలేదు" అని రాసుకున్నా.

ఇప్పుడు కొత్త పొర వచ్చింది.
వెంట్రుకను రెండువేల పొరలుగా చీలిస్తే, అందులో ఒకటి.
పెట్టెలో ఎనిమిది వచ్చినాయి.
ఒకటి నా తుమ్ముకు పోయింది.
రెండు, గాలి తోడేటప్పుడు.
ఇంకొకటి ఎట్ల పోయిందో మా ఇర్ఫాన్ సారుకు ఇంతవరకు చెప్పలేదు.

ఇది ఉలిక్కిపడదు.
తగిలిన చోట వెచ్చబడుతుంది,
ఆ వెచ్చదనానికి సన్నగా అదురుతుంది,
వీపు వైపు నుంచి ఎలక్ట్రాన్లు దుముకుతాయి.
నిదానంగా వచ్చినావేమని అడగదు.
మోసుకొచ్చినదంతా దించుకుంటుంది.

ఆదివారం పోయి ఇదంతా మామకు చెప్పినా.
బజ్జీ కొరుక్కుంటూ, ఉగ్గాని తింటూ విన్నాడు.
"బరువు పడితే పొర వేడెక్కుతాదా?"
"ఎక్కుతుంది మామా."
అంగీ జార్చి కుడి భుజం చూపించినాడు.
నలభై ఏండ్లు గోనె రాసి రాసి
నున్నగా, నల్లగా మెరిసే తోలు.
"ఇదీ అంతే. దించినాక కూడా సేపు కాల్తానే ఉంటాది.
ఆ మంటను బట్టి కూడా తూకం చెప్పొచ్చు.
ఎవురూ అడగలేదు."

వచ్చేటప్పుడు నా సంచిలో గుప్పెడు చెనిక్కాయలు పోసినాడు.
ఆ గింజల్నే రుబ్బి, నూనె తీసి, ప్రోటీన్ విడదీసి,
దారిలో చెదరకుండా మందుతో ముడేసి
మంగళవారం రాత్రి ఎక్కించినా.
చిన్నవి వచ్చినాయి, కంప మాదిరి గీతలు.
తర్వాత ఏమీ లేదు.
యంత్రం లెక్క మూసేసింది,
మామ ఇంకా గేటు దగ్గర మూటతో ఉండగానే
ఐదు కొట్టిందని గుమాస్తా చిట్టా మూసినట్టు.

గడువు పెంచినా.
సెకండులో వెయ్యో వంతు, అంతకంటే కాదు.

గీత కడాన
ఒక మిట్ట లేచింది.
సూదిగా కాదు, వెడల్పుగా, వంగిన వీపులాగా.
మూడున్నర లక్షల డాల్టన్లు, అటూ ఇటూగా.
ఆరు తునకలు, చెయ్యి వదలకుండా.

పొద్దున్నే ఫోన్ చేస్తే "కిలోల్లో చెప్పు" అన్నాడు.
పాయింటు తర్వాత ఇరవై ఒక్క సున్నాలు, ఆనక ఐదు, ఎనిమిది.
ఒక్కొక్కటీ చదువుతుంటే పద్నాలుగో సున్నా కాడ
"ఉండు పాపా, లారీ వచ్చింది" అన్నాడు.
ఫోన్ కట్టెయ్యడం మర్చిపోయినాడు.
గోనె నేలకు ఆనిన చప్పుడు.
నలభై ఒకటి, అనుకున్నా.
వెనక ఎవరో కాటా చూసి నలభై నాలుగని అరిచినారు.

నాకింకా చెవి కుదరలేదు.